గోదావరి ఒడ్డా, మంజీర ఒడ్డా: కౌలుకు ఏది మేలు?

ఉగాది దగ్గరపడితే చాలు, మహారాష్ట్రలోని మా నాందేడ్ జిల్లాలో చుట్టాల ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, బిలోలీ తాలూకాలో మంజీర ఒడ్డు చేను అగ్గువకు దొరుకుతోంది. ధర్మాబాద్ వైపు గోదావరి చేనుకు కౌలు ఎక్కువ అడుగుతున్నారు. ఏది తీసుకోమంటావు?" మూడేళ్ళు మంజీర ఒడ్డున చేసి నిరుడు గోదావరి ఒడ్డుకు మారినవాణ్ణి గనక నన్నే అడుగుతారు.

నేల రెండు వైపులా నల్లరేగడే. వానాకాలం సోయాకు ఏదైనా ఒకటే. తేడా యాసంగిలో మోటారు పెట్టినప్పుడే తెలుస్తుంది.

మంజీర బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూర్, బీదర్ దాటి సంగారెడ్డి దాకా పోయి, అక్కడ ఉత్తరానికి మళ్ళి తిరిగి మన మహారాష్ట్ర-తెలంగాణ సరిహద్దుకే వస్తుంది. ఇంత తిరుగుడులో ధనేగావ్ డ్యామ్, సింగూరు, 1931 నాటి నిజాంసాగర్ ఒకదాని తర్వాత ఒకటి కాచుకుని ఉన్నాయి. 2016లో లాతూర్‌కే మిరజ్ నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు, ఇక కిందున్న మనకేం మిగులుతాయి? నిజాంసాగర్ గేట్లెత్తితే నది, లేదంటే ఇసుక. ఆ ఇసుకలో చెలమ తవ్వితే నీళ్ళూరతాయి, అది మాత్రం మంజీర గొప్పే. కానీ ఇసుక లారీలు తిరిగిన చోట చెలమ ఏటేటా లోతుకు పోతోంది. మూడో ఏడు నా శనగ పూత మీదే ఎండిపోయింది.

గోదావరికి పైనా జాయక్వాడీ, విష్ణుపురి డ్యాములు ఉన్నాయి. నేను చూసుకున్నది మాత్రం ధర్మాబాద్ దగ్గర గోదావరికి అడ్డంగా గేట్లతో కట్టిన బాబ్లీ బంధారా (ఆనకట్ట) తారీఖులు. 2013 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలి, ఆ తర్వాత దించుకోవచ్చు. మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. అసలు పట్టేదే 2.74 టీఎంసీ. పైగా వరద పోయాక దించే గేట్లు కదా, ఆ నాటికి నదిలో ఎంతుంటే అంతే. అయినా శనగ కోత ఫిబ్రవరిలో అయిపోతుంది, మార్చిలో నీళ్ళు పోయినా నాకు టెన్షన్ లేదు. చెరకు వేసేవాళ్ళకు ఈ లెక్క కుదరదు.

చేను మాత్రం బంధారాకు ఎగువనే చూసుకోండి. దిగువన మంజీర గోదావరిలో కలిసే కందకుర్తి సంగమం వైపు పోతే, పోచంపాడు (శ్రీరాంసాగర్) జలాశయం నిండినప్పుడు నీళ్ళు వెనక్కి ఎక్కుతాయి. అక్కడ నదిలోని పాత శివాలయమే మునుగుతుంది.

మంజీరలో కలిసే లెండి నది ఒడ్డు సంగతీ అడుగుతారు. వానలున్నన్నాళ్ళే దాని ఉరుకులు, యాసంగికి నమ్ముకోవద్దు.

మొన్న మా బావ ఇదంతా విని కూడా మంజీర ఒడ్డే తీసుకున్నాడు. కౌలు సగానికి సగం తక్కువట, సోయా ఒక్కటే వేస్తాడట. అట్లయితే నేనూ కాదనను.