ఎవరెస్టా, భువనగిరి గుట్టా? గురుకుల పిల్లలకు ఏది మేలు

2014 మే 25న మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడ్డారు. పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల, ఆనంద్‌ది అప్పటి ఖమ్మం జిల్లా. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకుంటున్నవాళ్లే, రెక్కల కష్టం మీద బతికే ఇళ్ల పిల్లలే. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. అంత చిన్న వయసులో ఎవరెస్ట్ ఎక్కిన అమ్మాయి అంతకుముందు లేదు.

పేదింటి పిల్లల్ని కొండల్లోకి, అడవుల్లోకి తీసుకెళ్తే వాళ్ల బతుకు మలుపు తిరుగుతుందన్న నమ్మకం ఆ రోజు నుంచి మన దగ్గర బాగా బలపడింది. నాకూ ఆ నమ్మకం ఉంది. కానీ ఎలా తీసుకెళ్లాలి, ఎవరిని, ఎన్ని రోజులు, తిరిగొచ్చాక ఏం చేయాలి అన్న చోట దారులు వేరవుతాయి. ఒకటి, పిల్లల్ని కొన్ని వారాలు ఊరికి దూరంగా తీసుకెళ్లి శిక్షణ ఇచ్చి పంపించే పద్ధతి. రెండు, 'దారి తప్పిన' పిల్లల్ని సరిచేస్తామంటూ అడవిలో ఉంచే అమెరికా పద్ధతి. మూడు, వడపోసి కొద్దిమందిని పెద్ద శిఖరానికి పంపడం. నాలుగు, బడికి దగ్గర్లో ఉన్న గుట్టకే ఏడాది పొడవునా, తరగతి మొత్తాన్నీ తీసుకెళ్లడం. చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే నేను నాలుగోదానికే ఇస్తాను. ఎందుకో చెప్తాను.

మొదటి పద్ధతికి ఆద్యుడు కుర్ట్ హాన్. జర్మనీలో బడి నడుపుతూ హిట్లర్‌ను బాహాటంగా ఎదిరించి 1933లో అరెస్టయ్యాడు. తరవాత బ్రిటన్ చేరి 1934లో స్కాట్లాండ్‌లో గోర్డన్‌స్టన్ బడి పెట్టాడు. యుద్ధం నడుస్తుండగానే, 1941లో, ఓడల కంపెనీ నడిపే లారెన్స్ హోల్ట్‌తో కలిసి వేల్స్ తీరంలోని అబర్‌డోవీలో అవుట్‌వర్డ్ బౌండ్ మొదలుపెట్టాడు. ఓడలు మునిగినప్పుడు లైఫ్‌బోట్లలో కండబలమున్న కుర్రాళ్లు ముందు చేతులెత్తేస్తున్నారని, వయసు మళ్లిన నావికులు తట్టుకుని బతుకుతున్నారని హోల్ట్ గమనించాడట. నెల రోజుల పాటు సముద్రంలో, కొండల్లో ఆ నిబ్బరం నేర్పడమే అక్కడి శిక్షణ.

ఆ తొలి బ్యాచ్‌లలో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. ఓడల్లో పనిచేసే కుర్రాళ్లు, ఫ్యాక్టరీ అప్రెంటిస్‌లు, ధనికుల బడుల పిల్లలు ఒకే పడవలో తెడ్డేశారు. 'పేద పిల్లల క్యాంపు' అని విడిగా పెట్టలేదు. మన దగ్గర ఏ కార్యక్రమం చూసినా బ్యానర్ మీదే 'నిరుపేద', 'అనాథ' అని పెద్దక్షరాలతో వేస్తారు. పిల్లాడు ఆ బ్యానర్ కింద నిలబడి ఫొటో దిగాలి. ఆ ఒక్క బ్యానర్‌ను తీసేసినా సగం మేలు జరుగుతుంది.

ఇలాంటి శిక్షణ ఫలితం ఇస్తుందా అంటే, ఇస్తుంది. 1997లో విద్యా పరిశోధకుడు జాన్ హ్యాటీ, ఆయన సహచరులు 96 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. పిల్లల ఆత్మవిశ్వాసం, తమ బతుకు తమ చేతుల్లో ఉందన్న భావన మెరుగుపడ్డాయి. మామూలుగా ఏ శిక్షణ ఫలితమైనా ముగిసిన కొన్నాళ్లకు తగ్గిపోతుంది. ఇక్కడ మాత్రం ముగిసిన తరవాత కూడా పెరుగుతూ వచ్చింది. అయితే కార్యక్రమానికీ కార్యక్రమానికీ మధ్య తేడా చాలా ఎక్కువ. 20 రోజులకు పైగా సాగినవాటి ఫలితం చిన్నవాటి కంటే మెరుగ్గా ఉంది. శనాదివారాల్లో ఒక రిసార్టులో జిప్‌లైన్ ఎక్కించి 'నాయకత్వ శిక్షణ' అని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు ఈ మాట గమనించాలి.

ఈ పద్ధతిలో నాకు కనిపించే లోటు తిరుగు ప్రయాణంలో ఉంది. నెల రోజులు కంటికి రెప్పలా చూసుకున్న ఇన్‌స్ట్రక్టర్ మరో బ్యాచ్ పనిలో పడతాడు. పిల్లాడు అదే ఇంటికి, అదే అప్పుకు, అదే తాగుబోతు తండ్రి దగ్గరికి తిరిగొస్తాడు. కొండ మీద తను ఏం చేశాడో చూసిన మనిషి ఊళ్లో ఒక్కరూ ఉండరు. చెప్పినా నమ్మేవాళ్లు తక్కువ. ఇంట్లో చదువు, డబ్బు, అండ ఉన్న పిల్లవాడికి నెల రోజుల శిక్షణ చాలు, మిగతాది ఇల్లు చూసుకుంటుంది. అవేవీ లేని పిల్లవాడికి చాలదు.

రెండో పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. మన దేశంలోకి రాకూడదని గట్టిగా కోరుకుంటాను కాబట్టి చెప్పక తప్పదు. ఎవరి అభిప్రాయాన్నీ ఎవరి మీదా రుద్దకూడదు కానీ, పిల్లల్ని అనుభవాల్లోకి నెట్టడం మాత్రం పెద్దల బాధ్యత అని హాన్ అనేవాడు. అమెరికాలో యూటా వంటి రాష్ట్రాల్లో కొందరు ఆ నెట్టడాన్ని వ్యాపారం చేశారు. తల్లిదండ్రుల దగ్గర పెద్ద మొత్తం తీసుకుని, అర్ధరాత్రి మనుషుల్ని పంపి, నిద్రలో ఉన్న పిల్లల్ని లేపి అడవికి తీసుకెళ్లడం అక్కడ మామూలైంది. 2007లో అమెరికా పార్లమెంటు తరఫున లెక్కలు తనిఖీ చేసే సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. ప్రైవేటు కార్యక్రమాల్లో ఉండగా 1990 నుంచి 2004 మధ్య చనిపోయిన పిల్లల కేసులు పదింటిని తీసుకుని లోతుగా పరిశీలించింది. పిల్లలు బాగాలేదని మొరపెట్టుకుంటే నటిస్తున్నారని కొట్టిపారేసిన సిబ్బంది, తిండీ నీళ్లూ సరిపడా లేని నడకలు అందులో ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో నార్త్ కరొలినాలో 12 ఏళ్ల బాబు ఇలాంటి క్యాంపులో చేరిన మర్నాటికే చనిపోయాడు. ఆ ఏడాది డిసెంబరులో ఇలాంటి సంస్థల్లో పిల్లల మీద జరిగే హింసను అధ్యయనం చేయించే చట్టం వచ్చింది.

ఇది ఎక్కడో అమెరికా గొడవ కదా అనుకోవద్దు. 'పొగరు దించాలి', 'నాలుగు రోజులు అడవిలో పడేస్తే బుద్ధొస్తుంది' అనే మాటలు మన ఇళ్లలో, మన హాస్టళ్లలో వినిపించేవే. పైగా మన దగ్గర మరో చిక్కుంది. సంతకం పెట్టమని హాస్టల్ సార్ కాగితం ఇస్తే వద్దని అనగలిగే కూలీ తల్లి ఎంతమంది ఉంటారు? ఆ సంతకాన్ని అంగీకారం అని లెక్కేసుకోవడం తప్పు. అందుకే బయల్దేరే ముందు పిల్లను విడిగా, ఉపాధ్యాయులు లేనప్పుడు, ఇష్టమేనా అని అడగాలి. గుట్ట కిందికి వచ్చాక కూడా 'నేను ఎక్కను' అనే హక్కు ఉండాలి. ఎక్కని పిల్లను ఎవరూ ఎగతాళి చేయకూడదు. ఈ ఒక్క నియమం లేని కార్యక్రమానికి ఎంత పేరున్నా నేను పిల్లల్ని పంపను.

ఇక మూడో పద్ధతి, ఎవరెస్ట్. పూర్ణ, ఆనంద్‌ల వెనుక పెద్ద ఏర్పాటే ఉంది. గురుకులాల కార్యదర్శిగా ఉన్న అప్పటి ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పట్టుదల, కోచ్ శేఖర్‌బాబు బాచినేపల్లి శిక్షణ, భువనగిరి బండ మీద మొదలైన సాధన, ఆ తరవాత డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, లద్దాఖ్ చలి. నేపాల్ వైపు నుంచి 16 ఏళ్లు నిండనివాళ్లను ఎక్కనివ్వరు, అందుకే టిబెట్ వైపు నుంచి వెళ్లారు. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు చరియలు విరిగిపడి 16 మంది పర్వత కార్మికులు చనిపోయారు. ఆ వార్త తెలిసి కూడా ఆ పిల్లలు ముందుకే నడిచారు. దారిలో పర్వతారోహకుల శవాలు చూశానని పూర్ణ తరవాత చెప్పింది.

ఆ విజయాన్ని నేను తక్కువ చేయను. ఒక తండా అమ్మాయి ఫొటో దేశమంతా చూడటం వల్ల జరిగిన మేలును కొలవడం కష్టం. పూర్ణ అక్కడితో ఆగలేదు కూడా, 2022లో ఉత్తర అమెరికాలోని దెనాలి ఎక్కి ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలు పూర్తి చేసింది. కానీ పూర్ణను మార్చింది ఎవరెస్ట్ ఒక్కటే అని నేను అనుకోను. ఆ గురుకులాల్లో పిల్లలు కలిసి చెప్పే పది సూత్రాల్లో మొదటిది 'నేను ఎవరికీ తక్కువ కాను' అన్నది. బడి ఆ మాటను రోజూ చెప్పింది, కొండ దానికి రుజువు చూపించింది. రోజూ చెప్పే బడి లేకుండా ఒక్క కొండ ఉంటే ఆ రుజువు దేనికో పిల్లకు తెలిసేది కాదు.

శిఖరం పద్ధతిలో నన్ను వేధించేది వడపోతలో ఆగిపోయిన పిల్లలు. ఇద్దరు ఎక్కాలంటే ఎంతోమందిని చూసి, పరుగెత్తించి, ఒక్కో దశలో ఇంటికి పంపాలి. అప్పటికే 'నువ్వు పనికిరావు' అని ఊరంతా చెప్పిన పిల్లకు మరొకరు అదే మాట చెప్పినట్టవుతుంది. ఖర్చు సంగతి సరేసరి. 2025 సెప్టెంబరు నుంచి నేపాల్ ఎవరెస్ట్ అనుమతి రుసుమే వసంత కాలంలో మనిషికి 15,000 డాలర్లు, అది మొత్తం ఖర్చులో ఒక ముక్క మాత్రమే. 13 ఏళ్ల బిడ్డను ప్రాణవాయువు సరిపడా లేని ఎత్తుకు పంపడం సరైనదేనా అన్న ప్రశ్న కూడా ఉంది. పూర్ణ క్షేమంగా వచ్చింది కాబట్టి ఆ ప్రశ్న తీరిపోయిందనుకోవడం సరికాదు. ఇవాళ ఎవరైనా అలాంటి ప్రయత్నం చేస్తే 18 ఏళ్లు నిండేదాకా ఆగమనే చెప్తాను.

ఇప్పుడు గుట్ట దగ్గరికి వద్దాం. భువనగిరి కోట ఉన్నది ఏకశిల మీద, సుమారు 500 అడుగుల ఎత్తు, హైదరాబాద్ నుంచి గంటన్నర ప్రయాణం. తెలంగాణ, రాయలసీమల్లో ఇలాంటి గుట్టలు చాలాచోట్ల ఉన్నాయి. చాలా గురుకులాలకు బస్సులో పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రాగలిగే దూరంలో ఒక బండ ఉంటుంది. పూర్ణ కూడా మొదలుపెట్టింది అక్కడే.

బండ ఎక్కడంలో అసలు పాఠం ఎక్కేవాళ్ల కంటే కింద తాడు పట్టుకున్నవాళ్లకు ఎక్కువ. పైన ఉన్న స్నేహితురాలి ప్రాణం తన చేతుల్లో ఉంటుంది. చూపు పక్కకు తిప్పకూడదు, తాడు వదులుగా ఉండకూడదు, 'పట్టుకున్నా' అని గట్టిగా చెప్పాలి. ఇంట్లో ఎప్పుడూ నమ్మి ఏ బాధ్యతా అప్పగించని పిల్లకు మొదటిసారి ఒకరు ప్రాణం అప్పగిస్తారు. కులం, గ్రూపులు, వెనక బెంచీ అన్నీ ఆ తాడు దగ్గర పక్కకు పోతాయి. ఇది ఎవరెస్ట్ మీదే జరగాలని లేదు, 50 అడుగుల బండ చాలు.

రెండో లాభం, పదే పదే వెళ్లొచ్చు. ఒకసారి భయపడి వెనక్కి దిగిన పిల్ల వచ్చే నెల మళ్లీ వస్తుంది. ఓడినవాళ్లకు ఇంకో అవకాశం ఉంటుంది, వడపోత పద్ధతిలో లేనిది ఇదే. మూడోది అన్నిటికంటే ముఖ్యం. పిల్లతో పాటు వెళ్లేది బయటి ఇన్‌స్ట్రక్టర్ ఒక్కరే కాదు, రోజూ కనిపించే పీఈటీ మేడమ్ కూడా. మార్చిలో పరీక్ష ముందు 'నాకు రాదు మేడమ్' అని ఏడ్చినప్పుడు, 'డిసెంబరులో ఆ బండ దగ్గర కూడా ఇదే మాటన్నావు గుర్తుందా' అని అడగగలిగేది ఆ మేడమ్ ఒక్కరే.

గుట్ట పద్ధతి అంటే చవక అని, జాగ్రత్తలు వదిలేయొద్దు. హెల్మెట్లు, హార్నెస్‌లు (తాడు తగిలించడానికి నడుముకు కట్టుకునే పట్టీలు), తాళ్లు లెక్కప్రకారం మార్చాలి. సర్టిఫికెట్ ఉన్న క్లైంబింగ్ శిక్షకుడు లేకుండా తాడు వేయకూడదు. డార్జిలింగ్‌లోనో, 1965లో మొదలైన ఉత్తరకాశీ నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌లోనో 28 రోజుల బేసిక్ కోర్సు, ఆపైన పైస్థాయి కోర్సులు చేసినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు, వాళ్లను పెట్టుకోవాలి. మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం బండ చేయి పెట్టలేనంత కాలుతుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. ఆడపిల్లలకు మరుగుదొడ్డి, ప్యాడ్లు, బట్టలు మార్చుకునే చోటు చూసుకోని క్యాంపు సగం మంది పిల్లల్ని ఇంటి దగ్గరే ఆపేస్తుంది. పొద్దున ఇడ్లీయో ఉప్మాయో పెట్టకుండా గుట్టెక్కిస్తే కళ్లు తిరిగి పడతారు. రక్తహీనత ఉన్న పిల్లలు ఎంతమందో ముందే పరీక్ష చేయించి తెలుసుకోవాలి.

ఈ మొత్తం చర్చ ఒక్క చోట తలకిందులవుతుంది. నల్లమలలోని చెంచు పిల్లలకు, ఏజెన్సీలోని కొండరెడ్డి పిల్లలకు అడవి కొత్త ప్రపంచం కాదు, సొంత ఇల్లు. వాళ్లను 'అడవి అనుభవానికి' తీసుకెళ్లడం అర్థం లేని పని. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెంచులు అడవి కాపలాదారులుగా పనిచేస్తున్నారు. ఆ పిల్లలకు కావాల్సింది తమకు తెలిసిన విద్యకు జీతం, గౌరవం దొరికే దారి. హైదరాబాద్ గురుకులం బ్యాచ్ నల్లమల వస్తే, అడుగుజాడ చూసి జంతువును చెప్పే పాఠానికి టీచర్‌గా చెంచు యువకుణ్ని నిలబెట్టండి, పూటకింత అని అతనికి డబ్బివ్వండి.

మిగిలింది 18 దాటిన పిల్లలు. వీళ్ల విషయంలో నా జవాబు మారుతుంది. గుట్ట మీద నాలుగైదేళ్లు గడిపి, ఇంకా కావాలని అడిగే అమ్మాయికి డార్జిలింగ్ కోర్సు ఫీజు కట్టడం మంచి ఖర్చు. తను శిక్షకురాలై తిరిగొస్తే తరవాతి బ్యాచ్‌కు తాడు వేసేది తనే, అది తనకు ఉద్యోగం కూడా. దూరపు శిఖరాలు అప్పుడు, ఆ వరసలో రావాలి.

ఇలాంటి కార్యక్రమానికి డబ్బివ్వమని మీ దగ్గరికి ఎవరైనా వస్తే, ఫొటోలు పక్కన పెట్టి నాలుగు విషయాలు అడగండి. ఎక్కనని చెప్పిన పిల్లను ఏం చేస్తారు? శిక్షకుడి అర్హత ఏమిటి? బడి నుంచి వెంట వచ్చే టీచర్ పేరేమిటి? పిల్లలు తిరిగొచ్చిన ఆరు నెలలకు ఆ టీచర్ వాళ్లతో కలిసి ఏం చేయబోతున్నారు? మూడో ప్రశ్నకు పేరు రాకపోతే ఆ డబ్బును మీ ఊరి గురుకులానికి నాలుగు హెల్మెట్లు, ఒక తాడు, ఒక శిక్షకుడి నెల జీతం కోసం ఇవ్వండి.