లేత గోడలు, ముదురు గోడలు: ఏడేళ్ల వాడకం తర్వాత తేలిందేమిటి

హాలు నాలుగు గోడలకీ లేత మీగడ రంగు, పడకగదిలో మంచం తలవైపు ఒక్క గోడకి ముదురు నీలం, చదువుకునే గదికి నాలుగు వైపులా ముదురు ఆకుపచ్చ. మూడూ నీళ్లతో కలిపే ఎమల్షన్లే. నీలం, ఆకుపచ్చ ఏ మెరుపూ లేని పూర్తి మ్యాట్, హాలు కొద్దిపాటి మెరుపున్న శాటిన్. ఏడేళ్లు వాడాక రాస్తున్న సమీక్ష ఇది.

ముందుగా అందరూ చెప్పే మాట: ‘ముదురు రంగైతే మాపుకి ఆగుతుంది.’ బట్టల విషయంలో నిజమే, గోడల విషయంలో కాదు. గోడకి పట్టే మురికి రెండు రకాలు. చేతి జిడ్డు, చెప్పుల గీతలు, బ్యాగు రాపిడి నల్లగా కనిపించే రకం. దుమ్ము, ఎండిపోయిన నీటి చుక్క, కుర్చీ వీపు తగిలి లేచిన గీత, ఆ గీతలోంచి బయటపడే లప్పం తెల్లగా కనిపించే రకం. లేత గోడ మొదటి రకాన్ని బయటపెడుతుంది, ముదురు గోడ రెండోదాన్ని. తేడా ఏమిటంటే, లేత శాటిన్ గోడ మీద స్విచ్ బోర్డు చుట్టూ పట్టిన మసక తడిగుడ్డకి వదిలిపోతుంది. ముదురు మ్యాట్ గోడని అదే గుడ్డతో తుడిస్తే మరక పోయి, దాని స్థానంలో అరచేతి వెడల్పున నిగనిగలాడే మచ్చ మిగులుతుంది. అది ఇక పోదు.

కారణం పూత తీరులోనే ఉంది. మ్యాట్ రంగులో కలిపే ఖనిజ పొడుల వల్ల పైపొర కంటికి కనిపించనంత గరుకుగా ఉండి, వెలుతురుని నలువైపులా చెదరగొడుతుంది. రుద్దితే ఆ గరుకు అరిగి నునుపవుతుంది, అక్కడ మెరుస్తుంది. లేత గోడ మీద కూడా ఇదే జరుగుతుంది, కానీ గోడే తెల్లగా వెలుతురు వెనక్కి పంపుతుంటే ఆ కాస్త మెరుపు కంటికి ఆనదు. ముదురు గోడ మీద చీకట్లో అద్దం ముక్కలా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ముదురు రంగుల్లో టింటు, అంటే షేడ్ కోసం కలిపే చిక్కటి రంగు, ఎక్కువ కాబట్టి గట్టిగా రుద్దితే గుడ్డకి కూడా రంగు అంటుతుంది. అందుకే ముదురు మ్యాట్‌ని తుడవాల్సి వస్తే మెత్తటి తడిగుడ్డ అద్ది తీయాలి, రుద్దకూడదు. రంగు వేసిన మొదటి నాలుగు వారాలు ఏ గోడనీ కడగొద్దు, పూత పూర్తిగా గట్టిపడటానికి ఆ సమయం కావాలి.

టచప్‌ విషయానికొస్తే, లేత గోడలో మేకు కన్నం పూడ్చి, దాచిపెట్టిన అదే రంగుని చిన్న రోలర్‌తో అద్ది అంచులు పలచగా లాగేస్తే మొదటి ఒకట్రెండేళ్లు దాదాపు కలిసిపోతుంది. ముదురు గోడలో అదే డబ్బాలోని రంగు అద్దినా అతుకు కనిపిస్తుంది. పాత పూత మెరుపు వేరు, కొత్త పూత మెరుపు వేరు. మందు ఒకటే, మూల నుంచి మూల వరకు గోడంతా మళ్లీ వేయడం. దీన్నుంచే నా మొదటి సలహా: ముదురు రంగుని ఒకే పూటలో ఆ మూల నుంచి ఈ మూల వరకు పూర్తి చేయగలిగిన గోడకే పెట్టండి. మెట్ల పక్క గోడ, నడవా, కుర్చీలు ఆనే గోడ వద్దేవద్దు. స్నానాల గదిని ఆనుకుని ఉన్న గోడ కూడా వద్దు. చెమ్మతో పాటు బయటికొచ్చే తెల్లటి ఉప్పు పొడి లేత గోడలో కలిసిపోతుంది, ముదురు గోడ మీద ముగ్గు చల్లినట్టుంటుంది.

వెలుతురు లెక్క చాలామంది చూడరు. రంగుల కంపెనీలు షేడ్‌కి ఎల్‌ఆర్‌వీ అనే అంకె ఇస్తాయి, తన మీద పడిన వెలుతురులో ఆ రంగు ఎంత శాతం వెనక్కి పంపుతుందో అది చెబుతుంది. 80 ఉన్న గోడని తాకిన వెలుతురులో 80 వంతులు తిరిగొస్తాయి, ఎదురు గోడ కూడా అదే అయితే రెండోసారికి 64, మూడోసారికి 51. అదే 10 ఉన్న గోడ మొదటిసారి 10, రెండోసారి 1. అంటే నాలుగు గోడలూ ముదురైతే గదిలో బల్బు నేరుగా పడే చోటే వెలుతురు, మూలలన్నీ నీడ. చదువుకునే గదిలో సరిగ్గా ఇదే అవుతుంది. నడినెత్తిన ఒక్క దీపం చాలదు, బల్ల మీద ఒకటి, అల్మరా దగ్గర ఒకటి పెట్టాల్సిందే. ఒక్క గోడే ముదురై మిగతా మూడూ, సీలింగూ లేతగా ఉంటే ఈ బాధ దాదాపు లేదు.

బల్బు కూడా రంగుని మార్చేస్తుంది. 2700 నుంచి 3000 కెల్విన్ పసుపు వెలుతురులో మీగడ రంగు వెచ్చగా ఉంటుంది, నీలం చచ్చుబడుతుంది. 6500 తెల్ల వెలుతురులో మీగడ పాలిపోతుంది. రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ అంకె బల్బు పెట్టె మీద 90కి తక్కువ కాకుండా చూసుకుంటే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి.

షేడ్ కార్డు చూసి ఖాయం చేయొద్దు. రెండంగుళాల ముక్కలో లేతగా కనిపించిన గులాబీ నాలుగు గోడలకీ ఎక్కితే ఒకదాని మీద ఒకటి ప్రతిఫలించి చిక్కబడుతుంది. రెండడుగుల చదరపు పలక మీద రెండు కోట్లు వేసి, గోడకి ఆనించి పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక చూడండి. పలక కింది అంచు నేలకి తగిలేలా పెట్టడం మరిచిపోవద్దు, ఎర్రటి నేల ఉంటే తెల్ల గోడ కింది భాగానికి ఆ ఎరుపు పాకుతుంది.

ఇక పని. ముదురు రంగు వేయించేటప్పుడు లోపాలన్నీ లప్పం దగ్గరే మొదలవుతాయి. కిటికీ పక్క నుంచి ఏటవాలుగా పడే ఎండలో గోడ ఎగుడుదిగుళ్లు నీడలు పోస్తాయి, పూతకి మెరుపు తోడైతే దాచేదేమీ ఉండదు. రాత్రి దీపాలార్పి టార్చిని గోడకి ఆనించి పట్టి చూడండి. మిట్టా పల్లం కనిపించిన ప్రతిచోటా పెన్సిల్‌తో సున్నా చుట్టి, 180 నంబరు గరుకు కాగితంతో రుద్దించండి. రంగుకి ముందు వేసే పూత, అంటే ప్రైమర్, పడ్డాక మళ్లీ ఒకసారి ఇదే పరీక్ష. రంగు పడ్డాక చేసే మరమ్మతు అతుకుగా మిగులుతుంది.

బాగా ముదురు షేడ్ల కోసం టింటు పోసి కలిపే బేస్‌లో టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి దాదాపు ఉండదు, కింది గోడని కప్పే పనంతా టింటు మీదే పడుతుంది. తెల్ల ప్రైమర్ మీద రెండు కోట్లకి మచ్చలు మచ్చలుగా ఉంటుంది. బూడిద రంగు కలిపిన ప్రైమర్ వేస్తే ఒక కోటు ఆదా అవుతుంది. నిండు ఎరుపు, నిండు పసుపు అయితే మూడు, ఒక్కోసారి నాలుగు కోట్లు. మొదటి కోటు ఘోరంగా కనిపిస్తుంది, కంగారుపడి అక్కడే మందంగా రుద్దించకండి. 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడ 120 చదరపు అడుగులు. లీటరు ఒక కోటుకి 100 నుంచి 120 చదరపు అడుగులు వస్తుంది కాబట్టి మూడు కోట్లకి మూడున్నర లీటర్లు. నాలుగు ఒకేసారి కలిపించుకోండి. డబ్బాలు ఒకటికి మించితే అన్నీ ఒకే బకెట్లో పోసి కలపాలి, లేకపోతే గోడ మధ్యలో షేడ్ మారుతుంది.

బ్రష్‌తో అంచులన్నీ ముందే గీసేసి, భోజనం చేసొచ్చి రోలర్ పడితే గోడ చుట్టూ పటం కట్టినట్టు చట్రం తేలుతుంది. మూరెడు అంచు గీయాలి, వెంటనే రోలర్‌ని దానిమీదికి తేవాలి, తడి ఆరకముందే పక్క పట్టీ మొదలవ్వాలి. ఆ గదిలో ఫ్యాను ఆపండి. ఒకరు బ్రష్, ఒకరు రోలర్ పడితేనే ఇది కుదురుతుంది. డబ్బా మీద చెప్పినదానికి మించి నీళ్లు కలిపితే చారలు తప్పవు.

ఎండ తగిలే గోడకి ముదురు రంగు పెట్టేవాళ్లు ఇటుక ఎరుపు, మట్టి పసుపు లాంటి ఐరన్ ఆక్సైడ్ షేడ్లు చూడండి, ఇవి వెలిసిపోవడం చాలా తక్కువ. నిండు గులాబీ, ఊదా లాంటివి త్వరగా వెలిసిపోతాయి. నాలుగేళ్ల తర్వాత గోడకి తగిలించిన ఫోటో తీసేస్తే దాని వెనక అసలు రంగు దీర్ఘచతురస్రంలా నిలిచి ఉంటుంది.

మళ్లీ వేయించాల్సి వస్తే మంచం వెనక నీలం గోడ అలాగే ఉంచుతాను. అక్కడ చేతులు పడవు, పక్క వెలుతురు లేదు, పడుకునే ముందు కంటికి అంత హాయిగా ఉండే గోడ ఈ ఇంట్లో ఇంకోటి లేదు. ఆకుపచ్చ గదికి మూడు గోడలు ఎల్‌ఆర్‌వీ 60 దగ్గరి షేడ్‌కి మారుస్తాను. ముదురు నుంచి లేతకి రావాలంటే ముందు ఒక కోటు ప్రైమర్, ఆపైన రెండు మూడు కోట్లు లెక్కేసుకోవాలి. నేరుగా లేత రంగు పూస్తే నాలుగో కోటులోనూ కింద పచ్చదనం తొంగిచూస్తుంది.

మిగిలిన రంగుని సగం ఖాళీ డబ్బాలో వదలకండి, లోపలి గాలికి పైన మీగడ కడుతుంది. చిన్న గాజు సీసాలో అంచుదాకా నింపి మూత బిగించండి. షేడ్ కోడ్, బేస్, మ్యాటా శాటినా, వేసిన తేదీ ఒక చీటీ మీద రాసి అదే గదిలో అల్మరా తలుపు లోపలి వైపు అంటించండి. సీసా మీది చీటీ రంగు కారి చెరిగిపోవచ్చు.