సీటీసీలో రిమోట్ సెటప్ చేయించుకున్నవాళ్లు మీ రౌటర్ ఒక్కసారి చూసుకోండి

నిన్న రాత్రి జరిగింది ఇది. కోపం తగ్గాక రాద్దామనుకున్నా, తగ్గట్లేదు. సికింద్రాబాద్ సీటీసీలో, అదే కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్‌లు అమ్మి, ఇంటికొచ్చి రిమోట్ సెటప్ కూడా చేసి వెళ్తారే, ఆ షాపు. పేరు రాయను. అక్కడ కొన్నవాళ్లకి ఈపాటికి అర్థమై ఉంటుంది.

నేను నాలుగైదు చిన్న షాపుల లెక్కలు చూస్తాను. ట్యాలీ అంతా మేడమీద గదిలో కంప్యూటర్‌లో ఉంటుంది. నాన్నకి తుంటి ఆపరేషన్ అయ్యాక కింద ముందుగదిలో మంచం వేశాం, పక్కన ఎవరో ఒకరు ఉండాలి. అందుకని ఆయన దగ్గర కూర్చుని ల్యాప్‌టాప్‌లోంచి మేడమీది కంప్యూటర్ వాడుకోవాలనుకున్నా. ఇంట్లోనే, ఒక గదిలోంచి ఇంకో గదికి. ఆ షాపతనికి చెప్పింది కూడా ఇంతే.

"విండోస్ హోమ్ పనికిరాదు మేడమ్, ప్రో ఉండాలి" అన్నాడు. అది నిజమే. "స్టాటిక్ ఐపీ కూడా తీసుకోండి, లేకపోతే రిమోట్ రాదు" అన్నాడు. స్టాటిక్ ఐపీ అంటే మన నెట్ కనెక్షన్‌కి మారకుండా ఉండే అడ్రస్. అది లేకపోతే రాదన్నది మాత్రం పచ్చి అబద్ధం. నెట్ వాళ్లకి ఏడాదికి 2,000 కట్టాను, ఇతనికి సెటప్‌కి 1,500 ఇచ్చాను. అతను రౌటర్ పేజీ తెరిచి ఏదో నింపుతుంటే పక్కనే ఉన్నాను. ఏం చేస్తున్నారని ఒక్క మాట అడగలేదు. ఆ తప్పు నాదే.

మూడు వారాలు బాగానే నడిచింది. నిన్న రాత్రి పదిన్నర దాటింది, నాన్న పడుకున్నారు. 20వ తేదీలోపు వేయాల్సిన జీఎస్టీ 3బీ రిటర్న్‌ల పనిలో ఉన్నా. ఉన్నట్టుండి స్క్రీన్ పోయి చిన్న డబ్బా వచ్చింది. ఇంకో యూజర్ ఆ కంప్యూటర్‌కి కనెక్ట్ అయ్యారు, అందుకే మీ కనెక్షన్ పోయింది అని ఇంగ్లీషులో ఉంది. రెండుసార్లు చదివాను. ఇంట్లో ఉన్నది నేనూ నాన్నా. మేడమీద ఎవరూ లేరు.

మెట్లెక్కి పరిగెత్తాను. మానిటర్ మీద లాక్ స్క్రీన్ ఉంది, కింద సీపీయూ మీద డిస్క్ లైటు మాత్రం ఆగకుండా కొట్టుకుంటోంది. లోపల ఎవరో ఉన్నారు. క్లిప్పు నొక్కి తీయాలని కూడా తోచక నెట్ కేబుల్ పట్టుకుని లాగేశాను, క్లిప్పు విరిగి చేతిలోకొచ్చింది.

తమ్ముడికి ఫోన్ చేస్తే విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్‌లో రిమోట్ సెషన్ల లాగ్ తెరిపించాడు. మా ఇంట్లో కంప్యూటర్ల అడ్రస్‌లన్నీ 192.168తో మొదలవుతాయి. వాటి మధ్య మాది కాని అడ్రస్ ఒకటి, మూడు వేర్వేరు రోజుల్లో. రౌటర్‌లో చూస్తే రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్ట్ బయటి ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టి ఉంది. అంటే నేను పక్క గదికి తలుపు పెట్టమంటే అతను వీధి తలుపు తీసి, తాళం చెవి తన దగ్గర పెట్టుకున్నాడు.

పొద్దున ఫోన్ చేశాను. కనీసం బుకాయిస్తాడనుకున్నా. "మేమే మేడమ్, చిన్న చెకింగ్" అన్నాడు.

"రాత్రి పదిన్నరకా? నాకు చెప్పకుండానా?"

"పాస్‌వర్డ్ మేం పెట్టిందే కదా. కస్టమర్లందరికీ అలాగే పెడతాం, ప్రాబ్లం వస్తే ఇంటిదాకా రానక్కర్లేదు." నేను గొంతు పెంచాక అన్నాడు: "అయినా దాచుకునేంత ఏముంది మేడమ్ మీ దాంట్లో?"

ఆ మాట పొద్దుట్నుంచీ చెవిలోంచి పోవట్లేదు. ఏముందా? నన్ను నమ్మి ఇచ్చిన వాళ్ల బ్యాంక్ స్టేట్‌మెంట్లు, పాన్ నంబర్లు, ఎవరు ఎవరికి ఎంత బాకీ ఉన్నారో ఆ వివరాలన్నీ ఉన్నాయి. నాన్న ఆస్పత్రి కాగితాలున్నాయి. అతనొక్కడే కూడా కాదు. 3389 బయటికి తెరిచి ఉంటే ఎక్కడెక్కడి నుంచో పాస్‌వర్డ్‌లు ప్రయత్నించే ప్రోగ్రాములు పగలూ రాత్రీ తడుతూనే ఉంటాయి. ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ లోపలికొచ్చే దారుల్లో ఇదొకటి. ఇలాంటి తలుపు ఎంతమంది ఇళ్లలో తెరిచి పెట్టాడో.

సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను, డబ్బుల గురించి కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కూడా చేస్తాను.

మీ ఇంట్లో ఇలాంటి సెటప్ ఉంటే రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ తెరవండి, 3389 కనిపిస్తే తీసేయండి. విండోస్ పాస్‌వర్డ్, రౌటర్ పాస్‌వర్డ్ రెండూ మార్చండి. ఇంట్లోపల వాడుకోవడానికి స్టాటిక్ ఐపీ అక్కర్లేదు, రెండు కంప్యూటర్లూ ఒకే రౌటర్ మీద ఉంటే చాలు. ప్రో అయితే సెట్టింగ్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌లోంచి ఆ కంప్యూటర్ 192.168 అడ్రస్ కొడితే వస్తుంది. హోమ్ ఉన్నవాళ్లకి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ ఉచితంగానే ఉంది.

ఇక నా క్లయింట్లందరికీ ఫోన్ చేసి జరిగింది చెప్పాలి, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు మార్చుకోమనాలి. మొదటి నంబరు తీసి అరగంటైంది.