అరకు కొండల్లో ఫోన్ ఎంతవరకు పనికొస్తుంది?

అరకు వెళ్తున్నామని ఎవరైనా చెబితే నేను మొదట చెప్పే మాట ఇదే: ఫోన్‌తో పడే పనులన్నీ విశాఖలోనే ముగించుకుని కొండెక్కండి. ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక సిగ్నల్ వస్తుంది, పోతుంది. ఘాట్‌లో పోవడమే ఎక్కువ. డిసెంబరులో అమ్మానాన్నలను, తమ్ముణ్ని తీసుకుని విజయవాడ నుంచి వెళ్లొచ్చాం. ఫలానా చోటు బాగుంటుంది చూడండి అని చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. అక్కడ ఏ యాప్ పలుకుతుంది, డబ్బు ఎలా కట్టాలి, గది ఎవరిని నమ్మి తీసుకోవాలి అన్నవి చెప్పేవాళ్లు తక్కువ. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేటప్పుడు నాకు ఇవే ముఖ్యం అనిపించాయి.

ముందు రైలు సంగతి. విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ ప్యాసింజర్ పొద్దున ఏడు కాకముందే కదులుతుంది కాబట్టి ముందురోజు రాత్రి విశాఖలో పడుకోక తప్పదు. ఈ రైలుకు 2017లో అద్దాల బోగీ, అంటే విస్టాడోమ్, తగిలించారు. సీట్లు 44 మాత్రమే. డిసెంబరు, జనవరి నెలల్లో బుకింగ్ తెరవగానే అయిపోతాయి. బుకింగ్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. 2024 నవంబరుకు ముందు ఇది 120 రోజులు, చాలామంది ఇంకా ఆ లెక్కలోనే ఉన్నారు. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ కూడా ముందే చేసి పెట్టుకోండి. 2025 జులై నుంచి అది లేకపోతే ఆన్‌లైన్‌లో తత్కాల్ టికెట్ రాదు. తిరుగు ప్రయాణం తారుమారైతే అప్పుడు చేతిలో ఉండేది తత్కాల్ ఒక్కటే.

అద్దాల బోగీ దొరక్కపోతే దిగులు పడొద్దు. మాకు రెండే సీట్లు దొరికాయి, అవి అమ్మకూ నాన్నకూ ఇచ్చి మేమిద్దరం మామూలు బోగీలో కూర్చున్నాం. కిటికీ తెరుచుకుని చల్లగాలి తగిలించుకుంటూ వెళ్లడం నాకు దానికంటే నచ్చింది. శివలింగపురం దాటాక సొరంగాలు మొదలవుతాయి. చీకట్లోంచి ఒక్కసారిగా వెలుగులోకి వచ్చినప్పుడు వీడియో తెల్లగా కాలిపోతుంది. అలా కాకుండా ఉండాలంటే లోయ కనబడుతున్నప్పుడే తెర మీద వేలు నొక్కి పట్టుకోవాలి, కెమెరా ఆ వెలుతురు దగ్గరే ఆగిపోతుంది. ఇక సొరంగంలో తెర నల్లగా ఉన్నా బయటికి రాగానే పచ్చటి కొండ ఉన్నదున్నట్టు వస్తుంది. టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, సిమిలిగూడ... ఒక్కో స్టేషన్ వచ్చేముందు నాన్నకు ఫోన్ చేసి చెబుదామంటే సిగ్నల్ లేదు. అయితే ఆయన ఫోన్‌లో ‘వేర్ ఈజ్ మై ట్రెయిన్’ ఉంది. నెట్ లేకపోయినా జీపీఎస్‌తో రైలు ఎక్కడుందో చూపిస్తుంది. సొరంగాల్లో ఆగిపోయి, బయటికొచ్చాక మళ్లీ అందుకుంది. పక్క సీటువాళ్లకు కూడా స్టేషన్ల పేర్లు ఆయనే చెప్పారట.

బస విషయం కాస్త వివరంగా చెప్పాలి. అరకులో ఏపీ టూరిజం వాళ్ల హరిత వ్యాలీ రిసార్ట్, మయూరి ఉన్నాయి, అవి కాక ప్రైవేటు రిసార్టులూ, హోమ్‌స్టేలూ కొల్లలు. ఒక బుకింగ్ యాప్‌లో ఒక ప్రైవేటు రిసార్టు గదులు మాకు కన్ఫర్మ్ అయ్యాయి. నేను ఎక్కడ బుక్ చేసినా రిసెప్షన్‌కు ఒకసారి ఫోన్ చేస్తాను. చేస్తే, “ఆ తేదీలకు మా దగ్గర గదులే లేవు మేడమ్, యాప్‌లో ఎలా చూపిస్తోందో తెలీదు” అన్నారు. ఉచిత రద్దు ఉన్న గదే ఎంచుకున్నందుకు డబ్బు మొత్తం తిరిగొచ్చింది. ఈ ఫోన్ చేయకుండా సంక్రాంతి సెలవుల్లో పెద్దవాళ్లతో సామాన్లు దింపుకున్న కుటుంబం పరిస్థితి ఏమిటో తలుచుకుంటేనే కోపం వస్తుంది. నంబరు మాత్రం వెతుకులాటలో దొరికింది నొక్కకండి. హోటళ్ల పేరుతో మోసగాళ్లు తమ నంబర్లు పెట్టేస్తున్నారు. బుకింగ్ కాగితంలో ఉన్న నంబరుకే చేయండి. అడ్వాన్సు పంపమని క్యూఆర్ కోడ్ వాట్సాప్ చేస్తే ఆగండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

చివరికి మేము ఉన్నది ఒక కుటుంబం నడుపుతున్న హోమ్‌స్టేలో. దాన్ని ఎంచుకునేటప్పుడు హోటలు వాళ్లు పెట్టిన ఫొటోలు పక్కన పెట్టి, బస చేసినవాళ్లు పెట్టినవాటిలో కొత్తవి మాత్రమే చూశాను. వాటిలో బాత్రూమ్, మంచం, ముంగిట్లో మెట్లు కనిపిస్తాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాకు కావాల్సింది ఆ మెట్ల ఫొటోనే. గీజరు ఉంది, వేడి వేడి ఉప్మా, అరకు కాఫీ ఇచ్చారు. వైఫై ఉందని రాశారు కానీ పొద్దున కాసేపు, రాత్రి కాసేపు పలికేది. నాకది లోటనిపించలేదు. ఆఫీసు పని పెట్టుకుని వెళ్లేవాళ్లు మాత్రం వైఫై గురించి ముందే గట్టిగా అడగాలి.

డబ్బు కట్టడం దగ్గరే అందరూ ఇబ్బంది పడుతున్నారు. రోడ్డు పక్కన బొంగు చికెన్ తీసుకున్నాం. వెదురు బొంగు చీల్చి, ఆవిర్లు కక్కుతున్న ముక్కలు విస్తరాకులో పోసిచ్చాడు కుర్రాడు. స్కాన్ చేశాను. నా ఖాతాలో డబ్బు తగ్గింది, పక్కన సౌండ్ బాక్స్ మాత్రం పలకలేదు. “అక్కా, డబ్బా మాటాడలేదు” అంటూ వాడు నా ఫోన్‌లోకీ డబ్బాలోకీ మార్చి మార్చి చూశాడు. ఆ డబ్బాలో ఉండేదీ ఒక సిమ్మే, దానికి సిగ్నల్ లేకపోతే డబ్బు చేరినా చెప్పలేదు. తెర మీద ఉన్న 12 అంకెల యూటీఆర్ నంబరు, అంటే ఆ చెల్లింపు గుర్తింపు సంఖ్య, రాసిచ్చి, మా నంబరు కూడా ఇచ్చి, ప్రస్తుతానికి నోట్లు ఇచ్చేశాను. వాడికి చేరిందో లేదో తెలియకుండా వదిలేసి వెళ్లడానికి మనసొప్పలేదు. సాయంత్రం సిగ్నల్ వచ్చాక వాడే ఫోన్ చేసి, పడ్డాయని చెప్పి వెనక్కి పంపాడు. ఒకవేళ దుకాణానికి చేరకుండా మన ఖాతాలోంచి పోతే, రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం అయిదు రోజుల్లోగా బ్యాంకే తిరిగి వేయాలి, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఈ సంగతి తెలియక చాలామంది ఊరుకుంటారు.

నెట్ లేకున్నా మాట్లాడే సిగ్నల్ ఉంటే *99# కొట్టి డబ్బు పంపొచ్చు. దానికి బ్యాంకులో ఇచ్చిన నంబరున్న సిమ్ కావాలి, మెనూ నిదానంగా నడుస్తుంది. వెనక వరస కట్టి జనం నిలబడ్డప్పుడు కుదిరే పని కాదు. చిన్న చిన్న ఖర్చులకు యూపీఐ లైట్ (యాప్‌లోనే కొంత డబ్బు ముందుగా వేసి ఉంచుకునేది) పెట్టుకుంటే పిన్ కొట్టక్కర్లేదు, బలహీనమైన నెట్‌లో త్వరగా వెళ్తుంది. అయినా సరే, పది, ఇరవై, యాభై నోట్ల కట్ట ఒకటి జేబులో పెట్టుకోండి. సంతలో కూరగాయలు, పసుపు, చీపుళ్లు అమ్ముకునే గిరిజన అమ్మలకు నోట్లే అందించాలి, అదే మర్యాద.

ఇంట్లో అందరికీ ఒకే కంపెనీ సిమ్ ఉండటం కొండల్లో పెద్ద చిక్కు. ఒకరికి పోతే అందరికీ పోయినట్టే. మా తమ్ముడి ఫోన్‌లో వేరే నెట్‌వర్క్ ఉండటంతో చాలాచోట్ల వాడి హాట్‌స్పాటే మాకు దిక్కయింది. సిగ్నల్ లేనిచోట ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే టవర్ కోసం వెతుక్కుంటూనే చార్జింగ్ అంతా తాగేస్తుంది. జీపీఎస్ అప్పుడూ పనిచేస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో అరకు, అనంతగిరి, పాడేరు ప్రాంతం ముందే డౌన్‌లోడ్ చేసుకున్నాం, దారి చక్కగా చూపింది. ఆఫ్‌లైన్‌లో ట్రాఫిక్, నడక దారులు రావు. అది చూపిన ఒక అడ్డదారిని మా డ్రైవర్ చూసి, “అటు వద్దు సార్, వాన పడితే బండి దిగబడుద్ది” అని మెయిన్ రోడ్డు మీదుగా తిప్పాడు. ఏజెన్సీలో డ్రైవర్ మాటకు మించిన మ్యాప్ లేదు.

బొర్రా గుహల్లో ఫ్లాష్ వేస్తే గోడలు సుద్ద పూసినట్టు వస్తాయి. ఫ్లాష్ తీసేసి, నైట్ మోడ్ పెట్టి, ఫోన్‌ను రెయిలింగ్‌కు ఆనించి ఊపిరి బిగబట్టి తీస్తే సున్నపురాయి మడతలన్నీ దిగుతాయి. లోపల మెట్లు ఎక్కువ, తడిగా జారతాయి. అమ్మ సగం దాకా వచ్చి కూర్చుంది, అక్కడినుంచే తృప్తిగా చూశానంది.

పాడేరు దగ్గరున్న వంజంగి కొండకు తెల్లవారుజామున నేనూ తమ్ముడూ మాత్రమే వెళ్లాం. మబ్బుల సముద్రం చూడాలంటే చీకట్లో ఎక్కాలి. ఆ చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది. పైన నిలబడి సూర్యుడి కోసం ఎదురుచూస్తున్నవాళ్లలో చాలామంది ఫోన్లు సరిగ్గా ఆ క్షణానికి ఆరిపోవడం కళ్లారా చూశాను. ఫోన్‌నూ పవర్ బ్యాంక్‌నూ స్వెట్టర్ లోపలి జేబులో ఒంటికి ఆనేలా పెట్టుకోండి. టార్చికి ఫోన్ వాడకుండా విడిగా ఒక టార్చిలైటు కొనుక్కోండి.

తిరుగు ప్రయాణంలో విశాఖ దాకా ఆర్టీసీ బస్సు, అక్కడినుంచి రాత్రి రైలు. బోగీల్లో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా చార్జింగ్ పాయింట్లు ఆపేస్తారు, అందుకే పడుకోకముందే అందరివీ పెట్టేశాం. ఫొటోలు పంచుకోవడానికి వాట్సాప్ వాడలేదు, అందులో మామూలుగా పంపితే స్పష్టత తగ్గిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ల మధ్య క్విక్ షేర్‌కు నెట్ అక్కర్లేదు. బెర్తు మీద కూర్చునే మా మూడు ఫోన్ల మధ్య ఫొటోలన్నీ పంచేసుకున్నాం. తమ్ముడిది ఐఫోన్, వాడివి ఇంటికొచ్చాక గూగుల్ డ్రైవ్‌లో పెట్టించుకున్నాను.