లాన్ గడ్డిలో తెల్ల క్లోవర్: కొన్నేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

న్యూజెర్సీలో మా ఇంటి వెనుక ఫెస్క్యూ, బ్లూగ్రాస్ అనే గడ్డి రకాలు కలిసిన లాన్‌లో, నేల మీద పాకే చిన్న మొక్క అయిన డచ్ వైట్ క్లోవర్ (తెల్ల క్లోవర్) విత్తనం చల్లి కొన్నేళ్లయింది. జూలై, ఆగస్టు ఎండలకు గడ్డి గోధుమరంగుకు తిరిగినప్పుడు కూడా క్లోవర్ అల్లుకున్న చోటు పచ్చగా ఉండటం చూశాక, దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తున్నాను.

విత్తనం చాలా సన్నం కనుక వెయ్యి చదరపు అడుగులకు అర పౌండు లోపే సరిపోతుంది. పొడి ఇసుకలో కలిపి చల్లితే సమంగా పడుతుంది. చలికాలం చివర, నేల రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో, గడ్డిని పొట్టిగా కోసి, మట్టి కనిపించేలా రేక్‌తో గీరి చల్లడం మేలు. అలా గడ్డకట్టి కరుగుతున్నప్పుడు నేలలో ఏర్పడే సన్నని పగుళ్లలోకి విత్తనం తనంతట తానే దిగుతుంది.

అయితే క్లోవర్ వ్యాపించడం విత్తనం కన్నా ఎరువు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఇది పప్పుజాతి మొక్క. వేరు బుడిపెల్లోని రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని దీనికి అందిస్తుంది. మన ఊళ్లలో వరి నాట్లకు ముందు జనుము, జీలుగ పెంచి కలియదున్నేది కూడా ఈ గుణం కోసమే. లాన్‌కు నత్రజని వేస్తే గడ్డి ఏపుగా పెరిగి క్లోవర్‌ను నీడలో అణచేస్తుంది. మానేస్తే క్లోవర్ కాడలు నేల మీద పాకుతూ, కణుపు కణుపునా వేళ్లూనుకుంటూ, గడ్డి పలచబడిన చోటల్లా చేరతాయి. కలుపు మందు కలిపిన లాన్ ఎరువులను మాత్రం దగ్గరికి రానీయకూడదు, ఎందుకంటే వాటిలో ఉండే 2,4-డి వంటి, వెడల్పాటి ఆకుల మొక్కలను చంపే మందులు క్లోవర్‌నూ చంపేస్తాయి. ఈ మందులు 1940ల్లో మార్కెట్లోకి రాకముందు లాన్ విత్తన మిశ్రమాల్లో క్లోవర్‌ను కలిపే అమ్మేవారన్నది చాలామంది మరచిన సంగతి.

మూడంగుళాల ఎత్తున కోస్తుంటే రెండూ కలిసి బతుకుతాయి. దట్టమైన చెట్ల నీడలో మాత్రం క్లోవర్ పలచగానే ఉంటుంది. పూలకు తేనెటీగలు వస్తాయి, అది నాకు ఎంతో సంతోషం. కానీ పిల్లలు చెప్పుల్లేకుండా ఆడుకునే చోట పూలు విచ్చుకోకముందే కోయడం తప్పనిసరి. చలికాలంలో ఆకులు చాలావరకు రాలి, క్లోవర్ ఒక్కటే ఉన్న చోట మట్టి బయటపడుతుంది. అందువల్ల, ముఖ్యంగా వాలు నేలల్లో, గడ్డిని పూర్తిగా తీసేసి క్లోవర్ ఒక్కటే పెంచమని నేను చెప్పను.