ఏడు యుగాల గోడ పటం: గీతలు గట్టివి, కొలతే లేదు

నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. ఏ పటం చూసినా నా కన్ను ముందు స్కేలు ఎక్కడుందా అని వెతుకుతుంది. మా సంఘంలో యౌవనస్థుల బైబిలు తరగతి కోసం ఆన్‌లైన్‌లో తెప్పించిన ఈ ఫ్లెక్సీ పటంలో అది లేదు. ఆరడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు, 650 రూపాయలు.

రంగులు బాగున్నాయి, వెనక బెంచీకి కూడా అక్షరాలు ఆనుతాయి. దేవుడు మనుషులతో వ్యవహరించిన తీరును బట్టి చరిత్రను ఏడు యుగాలుగా విడగొట్టి చూపే పటం ఇది. పై వరుసలో నిర్దోష, మనస్సాక్షి, మానవ ప్రభుత్వ, వాగ్దాన, ధర్మశాస్త్ర, కృపా, రాజ్య యుగాలు. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు పాదసూచికల్లో ఉన్న వరుసే ఇది. ఇలాంటి పటాలకు పేరుమోసిన అమెరికా పాస్టరు క్లారెన్స్ లార్కిన్ కూడా ఒకప్పుడు డ్రాఫ్ట్స్‌మనే. మా జాతివాడు! అయినా ఆదాము తోటలో ఉన్న కాలానికీ, మోషే నుంచి సిలువ దాకా సాగిన కాలానికీ ఒకే వెడల్పు గడి ఇస్తే చెయ్యి ఊరుకోదు.

అసలు పేచీ కింది వరుసతో. బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో లేఖలు అందుకున్న ఏడు సంఘాలను ఏడు చారిత్రక కాలాలుగా విడగొట్టి, సంవత్సరాలు వేశారు. వాటిలో నాలుగోదైన తుయతైర 606 నుంచి 1520 వరకు, అంటే పోపుల కాలమట. ఆ తొమ్మిది వందల ఏళ్లూ మలబారు తీరంలో సురియాని క్రైస్తవులు తమ ఆరాధన తాము చేసుకుంటూనే ఉన్నారు. వాళ్లది ఏ గడి? 1900 నుంచి చివరిదైన లవొదికయ, అంటే భక్తిలో వేడి తగ్గిన నులివెచ్చని సంఘం. 1912లో అజరయ్య గారు దోర్నకల్లు బిషప్ అయ్యారు. ఆ తరువాతి ఏళ్లలో ఆ ప్రాంతంలో పల్లెలకు పల్లెలు బాప్తిస్మం పొందాయి. మా తాత ఆ రోజుల్లోనే తీసుకున్నాడు, ఆసామి చేత దెబ్బలు కూడా తిన్నాడు. ఆయన దగ్గర నులివెచ్చన అనే మాట ఎత్తి చూడాల్సింది.

ఈ ఏడు సంఘాలూ ఎఫెసు నుంచి చుట్టి వచ్చే బాట మీద అదే వరుసలో ఉన్న నిజమైన ఊళ్లని, ప్రతి లేఖా అన్ని కాలాల వారికీ అని చదివేవారు చాలామంది. ప్రతి లేఖలోనూ ఆత్మ “సంఘములతో” చెప్పుచున్న మాట అనే ఉంది, సంఘముతో అని కాదు. పటంలో ఆ సంగతి ఒక్క ముక్క లేదు. వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణాన్ని పాటించే ప్రెస్బిటేరియన్లకు ఆదాము పతనం తరువాత ఉన్నది ఒకటే కృపా నిబంధన, అంటే దేవుడు దయతో మనిషితో చేసిన ఒడంబడిక, మోషే కాలంలోనైనా సువార్త కాలంలోనైనా. మారేది దాన్ని అమలుపరిచే తీరు మాత్రమే. ఆ మాటా లేదు. ఈ యుగాల బోధను ప్రచారం చేసిన బ్రదరెన్ నాయకుడు డార్బీ పద్ధతి తప్ప లోకంలో మరొకటి లేనట్టు గీశారు. డార్బీ బోధ మనకు పరాయిదేమీ కాదు లెండి. 1836లో గోదావరి ప్రాంతానికి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు కూడా ఆ బ్రదరెన్ వారే.

మొదటి ఆదివారమే ఒక అమ్మాయి, “మరి మనది కలియుగం కాదా అంకుల్?” అంది. నవ్వారు గానీ తప్పు పిల్లది కాదు, యుగం అనే మాటది. ఎఫెసీయులకు రాసిన పత్రికలో మన తెలుగు బైబిలు వాడిన మాట “యేర్పాటు”. మూలంలో అది ఇల్లు నడిపే పద్ధతి. యజమాని ఒకడే, పిల్లలు ఎదిగేకొద్దీ ఇంటి పద్ధతి మారుతుంది. యుగం అనగానే గోడ కట్టినట్టు అవుతుంది. పటం వేసినవారు ఆ ఒక్క మాట వాడినా సగం చిక్కు తీరేది.

నాలుగు మూలల్లో రెండింటికి కన్నాల రింగులు లేవు. దుకాణానికి ఫోన్ చేస్తే “మీరే వేయించుకోండి” అన్నారు. పురికొసతో కట్టాను. మూడు నక్షత్రాలు, అవీ రంగులకూ అక్షరాలకూ.

తీసేయలేదు, ఇంకా వేలాడుతూనే ఉంది. కింద కుడి మూలన స్కెచ్ పెన్నుతో “కొలతకు గీసినది కాదు” అని రాసి, పాత అలవాటు కొద్దీ తేదీ వేసి పొట్టి సంతకం పెట్టాను.