ఐదు వైరస్‌లు, రెండు దుకాణాలు

దుకాణం పేరు రాద్దామంటే నాకే తెలియదు. బోర్డు మీది అక్షరాలు ఎండకు వెలిసిపోయి, "జిరాక్స్, లామినేషన్, కంప్యూటర్ రిపేర్లు" అన్న కింది వరుస ఒక్కటే మిగిలింది. తెనాలి బోసు రోడ్డు నుంచి ఒక సందులోకి తిరిగితే, బట్టలు కుట్టే ఆయన కొట్టును ఆనుకుని ఉంటుంది. తండ్రి జిరాక్స్ తీస్తాడు, కూతురు కంప్యూటర్లు బాగుచేస్తుంది. నాలుగు నెలలు నా కంప్యూటర్‌లో నన్ను పట్టుకు పీడించిన దొంగ వైరస్ హెచ్చరికలను ఆ అమ్మాయి గంటలోపు వదిలించి రెండు వందలు తీసుకుంది. అంతకు ముందు గుంటూరులో ఒక పెద్ద దుకాణం పద్నాలుగు వందలు పుచ్చుకుని కూడా వదిలించలేకపోయింది. అందుకే రెండింటి సంగతీ రాస్తున్నాను.

నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా నాన్నగారు నోటు పుస్తకాల్లో రాసి పెట్టిన జ్ఞాపకాలను "అను" అనే తెలుగు ఫాంట్లలో టైపు చేసుకోవడం, పాత మాసపత్రికలు పీడీఎఫ్‌గా దొరికితే దించుకోవడం తప్ప కంప్యూటర్‌తో నాకు వేరే పని లేదు. కిందటి శ్రావణంలో ఒక సాయంత్రం తెర మీద కుడివైపు కింది మూలలో ఎర్రటి పెట్టె ఒకటి టంగుమంటూ లేచింది. పేరున్న యాంటీవైరస్ కంపెనీ గుర్తు, పక్కన ఇంగ్లీషులో "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి!!!" అని. మూసేశాను. కాసేపటికి ఇంకొకటి లేచి, నా సభ్యత్వం గడువు ఈ రోజుతో తీరిపోతోందని చెప్పింది. జన్మలో కట్టని సభ్యత్వానికి గడువు ఎలా తీరుతుందో నాకు అర్థం కాలేదు.

అది మొదలు రోజూ ఇదే వరస. నేను వత్తు పెట్టే వేళకే పెట్టె లేచేది. నాలుగు నెలల్లో ఆ ఐదు వైరస్‌లు ఆరు కాలేదు, నాలుగూ కాలేదు. ప్రతి వాక్యానికీ మూడేసి ఆశ్చర్యార్థకాలు. నా తరగతిలో పిల్లవాడు అలా రాసి ఉంటే ఎర్రసిరాతో కొట్టేసేదాన్ని.

కార్తీకంలో ముదిరింది. తెర నిండా నీలం పేజీ పరుచుకుని, సైరను మోగి, ఒక ఆడగొంతు కంప్యూటర్ ఆపవద్దని ఇంగ్లీషులో బెదిరించడం మొదలుపెట్టింది. కింద ఒక ఫోన్ నంబరు. నేను వంటింట్లోంచి వచ్చేలోపు మావారు ఆ నంబరుకు ఫోన్ చేసేశారు. అవతలి మనిషి హిందీలో మాట్లాడుతూ, ఈవెంట్ వ్యూయర్ అనే ఒక జాబితా తెరిపించి, అందులో ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు లెక్కపెట్టమన్నాడు. అవన్నీ వైరస్‌లేనట. తర్వాత దూరం నుంచే మన కంప్యూటర్‌ను నడపనిచ్చే ఎనీడెస్క్ అనే ప్రోగ్రాం దించుకోమన్నాడు. మావారికి హిందీ అంతంత మాత్రం. ఆ పేరులోని అక్షరాలు మూడుసార్లు చెప్పించుకుని, విసుగెత్తి, "నువ్వే వచ్చి బాగుచేసి పో నాయనా" అని అచ్చతెలుగులో అని ఫోను పెట్టేశారు. ఆయనకు హిందీ బాగా వచ్చి ఉంటే ఈ సమీక్ష ఇంకోలా ఉండేది.

మర్నాడే సీపీయూని కారులో పెట్టుకుని గుంటూరు వెళ్ళాం. గాజు తలుపులు, ఏసీ, చేతికి టోకెను. తీసుకున్న అబ్బాయి కంప్యూటర్ ఆన్ చేయకుండానే "వైరస్ లోపలిదాకా పాకిపోయిందమ్మా, ఫార్మాట్ కొట్టాల్సిందే" అన్నాడు. అంటే ఉన్నదంతా తుడిచేసి విండోస్ మళ్ళీ ఎక్కించడం. పెట్టె ఎలా ఉంటుంది, ఎప్పుడు వస్తుంది, దేని మీద నొక్కారు అని ఒక్క ప్రశ్న లేదు. రెండు రోజుల తర్వాత ఫార్మాటుకు అయిదు వందల యాభై, ఏడాది యాంటీవైరస్‌కు ఎనిమిది వందల యాభై అన్నారు. కట్టాం.

ఇంటికి తెచ్చి నాన్నగారి ఫైలు తెరిస్తే గుండె జారిపోయింది. పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాను కాబట్టి ఫైలు ఉంది, అందులో తెలుగు లేదు. అను ఫాంట్లతో టైపు చేసినది ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తుల గుట్టలా కనిపిస్తుంది. నలభై పేజీల మా నాన్నగారి బాల్యం అలా గుట్టగా పడి ఉంది. ఫార్మాట్ చేసే ముందు "ఇందులో ఏమేం ఉన్నాయమ్మా" అని అడిగి ఉంటే చెప్పేదాన్ని.

మూడో రోజు సాయంత్రం మూలన ఎర్ర పెట్టె మళ్ళీ లేచింది. ఐదు వైరస్‌లు. ఈసారి దానికి తోడు మేము కొన్న అసలు యాంటీవైరస్ కూడా ఇంకా ఖరీదైన రకానికి మారమంటూ తన పెట్టెలు తాను చూపించడం మొదలుపెట్టింది. ఏది దొంగో ఏది దొరో తెలియక రెండింటినీ మూసుకుంటూ మార్గశిరం దాకా నెట్టుకొచ్చాను.

బోసు రోడ్డు సందులోకి నేను వెళ్ళింది ఆధార్ జిరాక్స్‌కు. అక్కడ ఒక అమ్మాయి ఎవరిదో ల్యాప్‌టాప్ విప్పి కూర్చుంది. నా గోడు చెబితే, "పెట్టె పైన చిన్న అక్షరాల్లో ఒక పేరు ఉంటుంది, చదివారా టీచర్ గారూ?" అని అడిగింది. ముప్పై ఏళ్ళు పిల్లల దస్తూరీ చదివిన దాన్ని, ఆ పేరు మాత్రం చదవలేదు. మర్నాడు ఆటోలో సీపీయూ తీసుకువెళ్ళాను. తన తెరకు తగిలించి, క్రోమ్ తెరిచి, ఊరికే కూర్చుంది. నేను తెప్పించిన టీ చల్లారేలోపు పెట్టె లేచింది. పైన సన్నగా గూగుల్ క్రోమ్ అని, దాని పక్కన అర్థం లేని అక్షరాలతో ఒక వెబ్‌సైటు పేరు.

"ఇందులో వైరస్ లేదండీ. ఈ సైటు మీ తలుపు తట్టవచ్చని మీరే ఒప్పుకున్నారు. అది రోజూ వచ్చి తడుతోంది" అంది. నేను ఎవరికి ఒప్పుకున్నానమ్మా అంటే, పాత పత్రికల సైటు ఏదో చెప్పమంది. తెరిచి చూపించాను. నేను రోబోను కానని రుజువు చేయాలంటే అలౌ అన్న మాట మీద నొక్కమని ఒక పేజీ అడిగింది. అవును, ఎన్నిసార్లు నొక్కానో! మనిషినని నిరూపించుకోవడానికి అందులో ఏమీ లేదట. ఆ అలౌ, నోటిఫికేషన్లు పంపుకోమని సంతకం పెట్టడమేనట. ఫార్మాట్ తర్వాత కూడా నేను మొదట వెళ్ళింది అదే సైటుకు. మళ్ళీ సంతకం పెట్టి వచ్చాను.

క్రోమ్‌లో కుడివైపు పైన ఉండే మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ దాకా వెళ్ళింది. నా సంతకాల జాబితా అక్కడ ఉంది: పదకొండు సైట్లు. ఒక్కొక్కటీ నన్ను అడిగి తీసేసింది. ఇకపై ఏ సైటూ అసలు అడగకుండా అక్కడే ఇంకో మీట మార్చింది. తర్వాత ఎక్స్‌టెన్షన్ల పేజీ, అంటే క్రోమ్‌కు మనం తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల జాబితా. పీడీఎఫ్‌ను వర్డ్‌లోకి మార్చిపెడతానన్నది ఒకటి, ఎప్పుడో ఏడాది కిందట నేనే తగిలించుకున్నది, అక్కడ కూర్చుని ఉంది. ఫార్మాట్ చేసినా ఎలా మిగిలిందంటే, నా జీమెయిలుతో క్రోమ్‌లోకి వెళ్ళి సింక్ చేయగానే పాత ఎక్స్‌టెన్షన్లన్నీ తిరిగి వచ్చేస్తాయట. సైరను మోగే నీలం పేజీని తెరుస్తున్నది అదే. గుంటూరులో ఇల్లు కడిగారు, దొంగ నా వెంటే తిరిగి లోపలికి వచ్చాడు.

చివరగా మాల్‌వేర్‌బైట్స్ వాళ్ళ యాడ్‌డబ్ల్యుక్లీనర్ అనే ఉచిత పరికరాన్ని నడిపింది. ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు, దించుకుని నడిపితే చాలు. చెత్త రెండు చోట్ల దొరికింది, తుడిచింది. కొన్న యాంటీవైరస్ ఏమి చేయమంటావని అడిగాను. డబ్బు పెట్టారు కాబట్టి ఏడాది ఉంచుకోమని, అది తీసేశాక విండోస్‌లోనే ఉన్న డిఫెండర్ అనే యాంటీవైరస్ దానంతట అదే పని అందుకుంటుందని చెప్పింది. తన దగ్గర అమ్మడానికి యాంటీవైరస్ డబ్బాలు అరలో ఉండగానే ఈ మాట అంది.

మావారి ఫోను కథ విని మాత్రం ముఖం మారింది. డబ్బు పోయిందా, ఓటీపీ చెప్పారా అని రెండుసార్లు అడిగింది. పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలట. ఈవెంట్ వ్యూయర్ తన కంప్యూటర్‌లోనే తెరిచి చూపించింది. అందులోనూ ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు బోలెడు. ఏ విండోస్‌లోనైనా అవి ఉంటాయి. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ వేయదు. అటువంటి పేజీ మళ్ళీ తెర నిండా పరుచుకుంటే ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టుకోవాలి, కదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, వచ్చిన జాబితాలో బ్రౌజర్‌ను ముగించాలి. మళ్ళీ తెరిచినప్పుడు పాత పేజీలు తిరిగి తేనా అని అడిగితే వద్దనాలి. ఇవన్నీ కేలండరు వెనక రాసుకుని గోడకు తగిలించాను.

నిజమైన హెచ్చరిక ఒకటి ఆ అమ్మాయే చెప్పింది. మాది విండోస్ 10. దానికి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఆ తర్వాతే గుంటూరు వాళ్ళు మళ్ళీ అదే విండోస్ 10 ఎక్కించి, ఆ ముక్క ఎత్తకుండా పంపారు. మా పాత కంప్యూటర్ విండోస్ 11కు సరిపోదు. 2026 అక్టోబరు 13 వరకు అప్‌డేట్లు పొడిగించే పథకం ఉందని, దానికి మైక్రోసాఫ్ట్ ఖాతా కావాలని చెప్పి, మావారి పేరు మీద తెరిచి చేర్పించింది. నాలుగు నెలలు సైరన్లు మోగిన కంప్యూటర్‌లో ఈ మాట ఏ మూలనా మోగలేదు.

అను ఫాంట్ల సీడీ ఇనుప బీరువాలో దొరికింది. మా సీపీయూలో సీడీ పెట్టే చోటు పాడైతే, బయటి నుంచి తగిలించేది తన దగ్గర ఉంటే దానితో ఎక్కించింది. నాన్నగారు తిరిగి తెలుగులోకి వచ్చారు. ఫైలును యూనికోడ్‌లోకి మార్చుకుంటే ఏ కంప్యూటర్‌లోనైనా చదవవచ్చని చెప్పి, మొదటి పది పేజీలు మార్చి చూపించింది. కొన్ని వత్తులు తప్పాయి, వాటిని నేను దిద్దుకుంటున్నాను.

లోపాలు లేకపోలేదు. ఉదయం పదకొండు దాటితే గాని షట్టరు లేవదు. కూర్చోవడానికి ఒకే స్టూలు, అదీ జిరాక్స్ మిషన్ వేడికి ఆనుకుని. పని మధ్యలో ఫోన్లు ఎత్తుతుంది. బిల్లు అడిగితే జిరాక్స్ కాగితం వెనక రాసి ఇచ్చారు. ఇంటికి వచ్చి చూడరు. ఆ నోటిఫికేషన్ల జాబితా తుడిచిన దగ్గర నుంచి నాకు ఇష్టమైన పంచాంగం సైటు తిథి పంపడం కూడా మానేసింది. దాన్ని మళ్ళీ ఎలా కలుపుకోవాలో ఇంకోసారి వెళ్ళి అడగాలి. అయిదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. నేను మార్కుల దగ్గర పిసినారినని నా పిల్లలకు తెలుసు.

మీరు వెళితే సీపీయూతో పాటు కరెంటు తీగ కూడా తీసుకువెళ్ళండి. వాళ్ళ దగ్గర ఉన్నది ఒక్కటే, అది సాధారణంగా ఇంకెవరి కంప్యూటర్‌కో తగిలించి ఉంటుంది. ఆదివారం సెలవు.